సేవా క్లబ్బు డబ్బుతో పిల్లలకి సైన్సు: కిట్లు పంచాలా, పర్లాకిమిడి–సిరోంచ మధ్యాహ్నం కొలిపించాలా?

#1 పర్లాకిమిడి కార్యదర్శి

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక సేవా క్లబ్బు. కంటి శిబిరాలూ, రక్తదానాలూ ఎలాగూ నడుస్తున్నాయి. ఈ ఏడాది 40,000 రూపాయలు హైస్కూలు పిల్లల సైన్సు కోసమని విడిగా పెట్టాం. మూడు బళ్ళు అనుకున్నాం: పట్టణంలో రెండు, ఊరవతల ఒకటి. చదువు ఒడియాలో, ఇంట్లో మాట చాలామందికి తెలుగే. 7, 8, 9 తరగతుల నుంచి బడికి 40 మంది చొప్పున ముందుకొస్తారు.

సభ్యుల్లో మూడు అభిప్రాయాలున్నాయి. రెడీమేడ్ సైన్సు కిట్లు కొని పంచేద్దామని కొందరు. మంచి టెలిస్కోపు ఒకటి కొందామని కొందరు. పిల్లల్ని బస్సెక్కించి భువనేశ్వర్‌లో పఠాణి సామంత ప్లానెటోరియం చూపిద్దామని మిగతావాళ్ళు. డబ్బు ఒక్కసారికే. గుంటలకి ఏటి మిగుల్తుందో అదే చేద్దామని నా పట్టుదల. ఈ పని తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

#2 గుణుపురం సైన్సు మాస్టారు

కార్యదర్శి గారూ, కొనే ముందు అడిగారు, చాలా మంచిపని.

కిట్లలో ముందు పాడయ్యేవి అతి చిన్న వస్తువులు. 9 వోల్టుల బ్యాటరీ, జుట్టంత సన్నటి తీగలు, ప్లాస్టిక్ కటకం, మోటారుకి తగిలించే రబ్బరు. ఒక్కటి పోతే ఆ పెట్టెతో ఇక పనిలేదు, ఎందుకంటే అదే కొలతలో ఇంకొకటి మన బజార్లో దొరకదు. బడికిస్తే స్టాకు రిజిస్టర్లో ఎక్కుతాయి. పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో బీరువాలోనే ఉండిపోతాయి. అందుకని ఏ వస్తువు కొన్నా గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో హార్డ్‌వేర్ షాపులో మళ్ళీ దొరికేదే కొనండి.

టెలిస్కోపు దగ్గర ఒకసారికి ఒక్కరే చూడగలరు. 40 మంది పిల్లలు తలా ఒక నిమిషం చూసినా 40 నిమిషాలు, మిగతా 39 మంది చీకట్లో నిలబడి ఉంటారు. ఆడపిల్లల్ని రాత్రి 8 తర్వాత ఉంచడానికి ఇంట్లో ఒప్పుకోరు. వానాకాలంలో అద్దాల మీద బూజు పడుతుంది. సిలికా జెల్ మార్చే మనిషి ఉంటే తప్ప రెండో ఏడాదికి అది పనికిరాదు.

ప్లానెటోరియం తప్పక చూడాల్సిందే. కానీ పర్లాకిమిడి నుంచి పోనూ రానూ రోజంతా బస్సులోనే గడుస్తుంది, లోపల గడిపేది గంటో రెండు గంటలో.

నా మాటేమిటంటే, పిల్లవాడు తన చేత్తో ఒక కొలత తీసి, దాని మీద లెక్క కట్టి, వచ్చిన జవాబు తప్పయితే ఎందుకు తప్పిందో వెతకాలి. మీ డబ్బు దానికి వెళ్ళాలి. ఏం కొలవాలన్నది ఖగోళం వాళ్ళు చెబితే బాగుంటుంది.

#3 ప్రాణహిత ఒడ్డు

మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. మా దగ్గర గూడ ఇట్లనే అనుకుంటున్నం. ఇండ్లల్ల తెలుగు, బడిల మరాఠీ. నీడ మాయమయ్యే దినం చేయిద్దామని ఒక ఆలోచన ఉన్నది. నిలువు కట్టెకు మిట్టమధ్యాహ్నం నీడ పడదు గదా, పిల్లలకు మస్తు నచ్చుతది. ఏ తారీఖు పడ్తదో చెప్పగలరా?

#4 బరంపురం ఖగోళం

సిరోంచ అన్నా, మీకు మే 15 అటూ ఇటూ ఒకసారి, జూలై 28 అటూ ఇటూ ఇంకోసారి. సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖకి ఉత్తరంగానో దక్షిణంగానో సూర్యుడున్న కోణం, మీ అక్షాంశానికి సమానమైన రోజులవి. మేలో బళ్ళకి సెలవులు, జూలై చివర్లో ఆకాశమంతా మబ్బు. రెండూ అక్కరకి రావు. పైగా అది చూసి చప్పట్లు కొట్టే ప్రయోగం, కొలిచే ప్రయోగం కాదు.

కానీ మీ ఇద్దరి ఊళ్ళూ ఒకే చోట కనబడేసరికి నాకొకటి తట్టింది. సిరోంచ అక్షాంశం 18.85 డిగ్రీలు, పర్లాకిమిడిది 18.78. అంటే దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. రేఖాంశాలేమో సిరోంచకి 79.96, పర్లాకిమిడికి 84.08. తేడా 4.12 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి, పర్లాకిమిడిలో సూర్యుడు మిట్టమధ్యాహ్నపు ఉత్తర దక్షిణ గీత దాటిన సుమారు 16న్నర నిమిషాలకి సిరోంచలో దాటుతాడు. రెండు ఊళ్ళ గడియారాలూ ఒకటే, రెండు ఊళ్ళ మధ్యాహ్నాలు వేరు.

ఆ తేడాని పిల్లల చేత కొలిపించండి. రెండు ఊళ్ళ మధ్య తిన్నటి దూరం 434 కిలోమీటర్లు. 16.5 నిమిషాలకి 434 అయితే 24 గంటలకి, అంటే 1440 నిమిషాలకి ఎంత? 37,876 కిలోమీటర్లు. అది మన అక్షాంశం దగ్గర భూమి చుట్టుకొలత. దాన్ని 18.8 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.9466తో భాగిస్తే భూమధ్యరేఖ దగ్గర చుట్టుకొలత 40,013 వస్తుంది. అసలు విలువ 40,075.

పక్కనే ఉన్న రెండు ఊళ్ళతో ఇది కుదరదు, తేడా నిమిషం లోపే వస్తుంది. ఒడిశా చివర ఒకరు, మహారాష్ట్ర చివర ఒకరు ఉండటమే దీనికి బలం. రెండు చోట్లా తెలుగు మాట్లాడే పిల్లలు కాబట్టి ఫోన్లో ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవచ్చు.

#5 పర్లాకిమిడి కార్యదర్శి

ఖగోళం గారూ, చదువుతుంటేనే ఉత్సాహంగా ఉంది. కట్టె పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఎప్పుడుందో చూసి టైము రాసుకుంటే సరిపోతుందా?

#6 జయపురం లెక్కలు

సరిపోదండీ. అందరూ మొదట చేసేది అదే, ప్రయోగం పాడయ్యేదీ అక్కడే.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం, 1928లో రామన్ ఫలితం కనుగొన్న రోజు. ఆ తేదీ అనుకుని లెక్క వేద్దాం. సూర్యుడి క్రాంతి దక్షిణానికి 8 డిగ్రీలు, మధ్యాహ్నం ఎత్తు 63 డిగ్రీలు. 50 సెంటీమీటర్ల శంకువుకి, అంటే నిలువు కట్టెకి, పొట్టి నీడ 25.3 సెంటీమీటర్లు. మధ్యాహ్నానికి 15 నిమిషాల ముందు ఆ నీడ ఎంతుంటుంది? 25.55. తేడా రెండున్నర మిల్లీమీటర్లే. 5 నిమిషాల ముందైతే తేడా మిల్లీమీటరులో మూడో వంతు. స్కేలుతో అది పట్టలేం. అంటే పొట్టి నీడ చూసి రాసిన టైము ఏడెనిమిది నిమిషాలు అటూ ఇటూ పోతుంది. మనకి కావలసిన తేడాయే 16న్నర.

సరైన దారి మన పాత జ్యోతిష గ్రంథాల్లో ఉన్న శంకువు, వృత్తం పద్ధతి. శంకువు అడుగు కేంద్రంగా 30, 35, 40 సెంటీమీటర్ల వ్యాసార్ధాలతో మూడు వృత్తాలు గీయాలి. పొద్దున్న నీడ కొన పొడుగు తగ్గుతూ ఒక్కో వృత్తాన్నీ బయటి నుంచి లోపలికి దాటుతుంది, మధ్యాహ్నం తిరిగి బయటికి దాటుతుంది. ఒకే వృత్తాన్ని దాటిన రెండు టైములు కూడి రెండుతో భాగిస్తే అసలు మధ్యాహ్నం వస్తుంది. ఆ వేళల్లో నీడ పొడుగు నిమిషానికి ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్లు మారుతుంది కాబట్టి ఒక గుర్తు మిల్లీమీటరు పొరపడినా సగటులో నష్టం అర నిమిషం లోపే.

ఆ రోజుకి లెక్క ప్రకారం పర్లాకిమిడిలో 40 వృత్తం 10:13కి, 1:59కి. 35 వృత్తం 10:35కి, 1:37కి. 30 వృత్తం 11:03కి, 1:09కి. ఏది తీసుకున్నా సగటు 12:06. సిరోంచలో ఇవన్నీ 16న్నర నిమిషాలు ఆలస్యం, మధ్యాహ్నం 12:22న్నరకి. ఈ అంకెలు పెద్దవాళ్ళ దగ్గరే ఉంచండి. పిల్లలకి ముందే తెలిస్తే చెయ్యి అటువైపే పోతుంది.

ఒక నిమిషం తేడా పడితే ఏమవుతుందో కూడా చెబుతున్నా. 16.5 బదులు 15.5 వస్తే భూమి చుట్టుకొలత 42,595, 17.5 వస్తే 37,727. అంటే నూటికి ఆరు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఇది చాలా గొప్ప ఫలితం.

#7 ప్రాణహిత ఒడ్డు

సారూ, 12కు కాకుండ 12:06కు మధ్యాహ్నం ఎందుకైతది అని పిల్లలు తప్పకుండ అడుగుతరు. ఏం చెప్పాలె?

#8 జయపురం లెక్కలు

రెండు కారణాలు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి పెట్టింది. పర్లాకిమిడి దానికి 1.58 డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి అక్కడ 6.3 నిమిషాలు ముందు. సిరోంచ రెండున్నర డిగ్రీలు పడమర, కాబట్టి 10 నిమిషాలు వెనక. ఇక రెండోది, భూమి కక్ష్య కోడిగుడ్డులా కొంచెం సాగి ఉండటం వల్లా, ఇరుసు వాలి ఉండటం వల్లా సూర్యుడు గడియారంతో సరిగ్గా నడవడు. ఫిబ్రవరి 28న 12.6 నిమిషాలు వెనకబడతాడు. అందులోంచి పర్లాకిమిడి ముందున్న 6.3 తీస్తే 6.3 మిగులుతుంది, అందుకే 12:06. ఈ రెండోది రెండు ఊళ్ళకీ ఒకటే. తీసివేతలో పోతుంది. అందుకే మనం ఒక ఊరి టైము కాకుండా రెండు ఊళ్ళ తేడా వాడుతున్నాం.

#9 రాయగడ వెల్డింగు

సామాను సంగతి నేను రాస్తాను.

వట్టి కట్టె కొన నీడ వాడొద్దు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. అందుకే నీడ అంచు మసకగా ఉంటుంది, ఒక్కో పిల్లాడు ఒక్కో చోట గుర్తు పెడతాడు. కట్టె బదులు కన్నం ఉన్న రేకు పెట్టండి. రేకు నీడ నల్లగా పడుతుంది, మధ్యలో వెలుగు చుక్క కనబడుతుంది. ఆ చుక్క నడిమధ్యన సన్నటి పెన్సిలు గుర్తు పెట్టాలి.

ఒక్కో స్టాండుకి కావలసినవి: 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు 3 అడుగులు × 2 అడుగులు ఒక ముక్క. 8 × 4 షీటు ఒకటి కొంటే సరిగ్గా ఐదు ముక్కలొస్తాయి. 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వ 55 సెంటీమీటర్లు, అడుగున మరలు కోయించి రెండు నట్లు, రెండు పెద్ద వాషర్లు. చువ్వ పైన 12 సెంటీమీటర్ల అడ్డ పట్టీ వెల్డింగు, పట్టీ చివర 10 × 10 సెంటీమీటర్ల రేకు. నూనె డబ్బా మూత కత్తిరించినా చాలు. రేకు మధ్యలో 3 మిల్లీమీటర్ల డ్రిల్లు కన్నం, గరుకు అంచు ఆకురాయితో తీసెయ్యాలి. కన్నం 10 మిల్లీమీటర్లుంటే చుక్క వెడల్పై మధ్య దొరకదు. 1 మిల్లీమీటరైతే పగటి వెలుగులో చుక్క కనబడదు. 3 అయితే చుక్క 6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, చక్కగా పని చేస్తుంది.

చువ్వ కన్నానికి దక్షిణం వైపే ఉండాలి. ఉత్తరం వైపు పెడితే మధ్యాహ్నం చువ్వే వెలుగుకి అడ్డమొస్తుంది. చువ్వని చెక్క పొడుగాటి అంచు నడుమ బిగించండి.

కన్నం కింద కేంద్రం గుర్తించడానికి కన్నంలోంచి దారం దించి తాపీ మేస్త్రుల తూకం గుండు వేలాడదియ్యాలి. గాలికి ఊగుతుంటే గుండుని నీళ్ళ గిన్నెలో ముంచండి, ఆగిపోతుంది. గిన్నె తీసి, మొన చెక్కకి తాకీ తాకనట్టు దించి, గుర్తు పెట్టి, దారం తీసెయ్యాలి. ఆ గుర్తే మూడు వృత్తాలకీ కేంద్రం. చువ్వ అడుగుని కేంద్రం అనుకుని వృత్తాలు గీసినా, కన్నం కింద కాక పక్కకి రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా టైములన్నీ ఒక పక్కకి లాగేస్తాయి.

డిసెంబరులో చేసేవాళ్ళు కన్నం ఎత్తు 30 సెంటీమీటర్లకి తగ్గించుకోవాలి, లేకపోతే పొద్దుటి చుక్క చెక్క దాటి పోతుంది.

#10 గుణుపురం సైన్సు మాస్టారు

దీనికి ఒకటి కలపాలి, ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా. చెక్క మట్టం.

బడి ఆవరణలో సిమెంటు ఎప్పుడూ సమంగా ఉండదు. వాన నీళ్ళు పోవడానికి మేస్త్రి కావాలనే వాటం ఇస్తాడు. తూర్పు పడమరల్లో ఒక డిగ్రీ వాలు, అంటే మీటరుకి 17 మిల్లీమీటర్లు ఉంటే, స్టాండు బిగించిన తీరుని బట్టి నిమిషంన్నర నుంచి 4 నిమిషాల దాకా తప్పు వస్తుంది. కంటికి ఆ వాలు కనబడనే కనబడదు.

నాలుగు ఇటుకల మీద చెక్క పెట్టి, రసమట్టం ముందు తూర్పు పడమరగా, తర్వాత ఉత్తర దక్షిణాలుగా పెట్టి చూడాలి. కింద అట్టముక్కలు దోపి సరిచెయ్యాలి. తర్వాత రసమట్టాన్ని అదే చోట అటుదిటు తిప్పి పెట్టండి. బుడగ మళ్ళీ మధ్యలోనే ఉంటే మట్టం మంచిది. పక్కకి పోతే రసమట్టమే తప్పు, బజార్లో చవకవి చాలా అలాగే ఉంటాయి. మట్టం కుదిరాకే తూకం గుండు వెయ్యాలి. ఆ తర్వాత చెక్కని ఎవరూ ముట్టకూడదు. పిల్లలు మోచేతులు ఆనిస్తారు, అది ముందే చెప్పాలి.

దిక్సూచి పెట్టి చెక్కని ఉత్తరానికి తిప్పేవాళ్ళు ఇనుప చువ్వ బిగించకముందే ఆ పని చెయ్యండి. చువ్వ పక్కన సూది పక్కకి లాగుతుంది. అయినా దిక్కు సుమారుగా ఉంటే చాలు, టైము లెక్కకి దిక్కుతో పనిలేదు. ఒకే వృత్తం మీది రెండు గుర్తుల్నీ కలిపి ఆ గీత మధ్యబిందువుని కేంద్రంతో కలిపితే అసలు ఉత్తరం తనే వస్తుంది. అది కూడా పిల్లల చేతే గీయించండి.

#11 ధర్మాబాద్ టీచరమ్మ

నాందేడ్ జిల్లా నుంచి రాస్తున్న. సామాను గురించి సోదరులు మంచిగ రాసిన్రు. బడిల పిల్లలతోని ఇది నడిపేది ఎట్లనో నేను చెప్త.

పదో తరగతి పిల్లలను పిలవకండి. ఫిబ్రవరి, మార్చిల బోర్డు పరీక్షలుంటయి, హెడ్‌మాస్టరు ఒప్పుకోడు, ఒప్పుకోవద్దు గూడ. 8, 9 తరగతులు సరైనయి.

ఒక చెక్కకు ఆరుగురు, అంతకు మించొద్దు. ఒకరు ఫోను గడియారం చూసి నిమిషం, సెకన్లు గట్టిగ చదవాలె. ఒకరు చుక్క మధ్యన గుర్తు పెట్టాలె. ఒకరు వహిల, అంటే నోటుబుక్కుల, రాయాలె. ఒకరు చెక్క మీద నీడ పడకుండ మనుషులను జరపాలె. ఇద్దరు తర్వాతి వృత్తానికి ఎంత టైముండొచ్చో అంచనా వేసి పిలవాలె. ప్రతి వృత్తానికి పనులు మార్చండి. గుర్తు పెట్టే పని మొగపిల్లలు లాక్కుంటరు, మార్చుకుంటు పోతేనే ఆడపిల్లల చేతికి పెన్సిలు అందుతది.

ఫోనుల టైము నెట్‌వర్క్ నుంచి తీసుకునేటట్టు పెట్టండి. చేతి గడియారం వద్దు.

30 వృత్తం మధ్యాహ్నం 1:09కి దాటుతదని రాసిన్రు. అది బడిల భోజనాల టైము. వంటమ్మతోని ముందే మాట్లాడి ఆ పిల్లల పళ్ళాలు మొదలే పెట్టిచ్చుకోండి, లేకుంటే పిల్లలు ఉరుకుతరు, ఆ వృత్తం పోతది. సిరోంచల అది 1:26 దాక పోతది.

ఎండల నాలుగు గంటలు. టోపీ, నీళ్ళు, గుర్తుకు గుర్తుకు మధ్యల చెట్టు కింద కూచునే చోటు. సూర్యుణ్ణి ఎవ్వరూ చూసే పనే లేదు, చుక్కను చూసుడే. చల్లద్దాలతోనైనా పైకి చూడొద్దని మొదలే చెప్పండి.

వృత్తాలే కాకుండ ఐదు నిమిషాలకు ఒకసారి చుక్క గుర్తు పెట్టి టైము పక్కన రాయమనండి. మబ్బు వచ్చి ఒక వృత్తం తప్పిపోతే ఆ గుర్తులతోని గీత గీసి టైము అందుకోవచ్చు.

ఇంకొకటి, క్లబ్బు పెద్దలకు. బ్యానరు చెక్కకు ఉత్తరం వైపు కట్టుకోండి. దక్షిణం వైపు కడితే దాని నీడ చెక్క మీద పడ్తది. ఫోటోలు 11:30 నుంచి 12:30 నడుమ తీసుకోండి, అప్పుడు వృత్తాలు దాటేది ఏదీ ఉండదు.

#12 పర్లాకిమిడి కార్యదర్శి

టీచరమ్మా, భోజనాల మాట మాకెవరికీ తోచలేదు. బ్యానరు కూడా. రెండూ రాసుకున్నాం.

బడికి రెండు చెక్కలు, మూడు బళ్ళకి ఆరు, ఒకటి అదనం: ఏడు స్టాండ్లు. 40,000లో ఇది చిన్న ముక్కే అవుద్ది. మిగిలినదాన్ని ఏం చెయ్యమంటారు? బడి పిల్లల ఆలోచనలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి ఈ ప్రయోగం పంపొచ్చా?

#13 గుణుపురం సైన్సు మాస్టారు

ఇన్‌స్పైర్ మానక్‌కి ఇది సరిపడదు. అక్కడ అడిగేది పిల్లవాడి సొంత ఆలోచన, ఒక సమస్యకి పరిష్కారంగా పనికొచ్చే వస్తువు. ఎంపికైతే నమూనా చెయ్యడానికి పిల్లవాడి ఖాతాలో 10,000 పడతాయి. తెలిసిన ప్రయోగాన్ని పంపితే పక్కన పెడతారు. జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి, అందులో స్థానిక విషయం మీద కొలతలు తీసిన ప్రాజెక్టులకి చోటుంది. ఇదే స్టాండుతో నెలకోసారి మధ్యాహ్నపు నీడ కొలిచి, తమ ఊళ్ళో ఇళ్ళ వరండాల్లో ఏ నెల ఎండ ఎంత లోపలికి వస్తోందో పోల్చి రాస్తే అది ప్రాజెక్టు అవుతుంది.

మిగిలిన డబ్బులో కొంత రెండో ఏడాదికి దాచండి. స్టాండ్లు ఎవరి దగ్గరున్నాయి, నట్లు ఉన్నాయా పోయాయా చూసే మనిషిని క్లబ్బు నుంచి ఒకర్ని పెట్టండి. క్లబ్బు ఇవ్వగలిగినవాటిలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఆ మనిషే. మాస్టార్లకి బదిలీలవుతాయి, మీరు ఊళ్ళోనే ఉంటారు.

స్టాండ్లు బడికి రాసిచ్చెయ్యకుండా క్లబ్బు పేరునే ఉంచి అరువిస్తే విరిగినప్పుడు ఎవరూ భయపడరు. అనుమతి కాగితం బీఈవో (బ్లాకు విద్యాధికారి) ఆఫీసుకి నెల ముందే పెట్టుకోండి.

#14 జయపురం లెక్కలు

ఒక అభ్యంతరం నేనే లేవనెత్తుతున్నా, తెలివైన పిల్ల ఎవరైనా అడుగుతుంది. 434 కిలోమీటర్లు ఫోను మ్యాపులో కొలిచాం. ఆ మ్యాపు అప్పటికే భూమి పరిమాణం తెలుసనుకుని దూరం లెక్కకడుతుంది. మరి మనం కొత్తగా కనుక్కున్నదేమిటి?

ఆ ప్రశ్నని తప్పించుకోవద్దు. సమాధానం మన నేల మీదే ఉంది. 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వే అధికారి మద్రాసు దగ్గర ఉక్కు గొలుసుతో ఒక తిన్నటి గీత కొలిచి, అక్కడి నుంచి త్రిభుజాలు అల్లుకుంటూ ఉత్తరానికి వచ్చాడు. 1823లో ఆయన చనిపోయింది మహారాష్ట్రలోని హింగణ్‌ఘాట్‌లో, ఆ పని మీద ఉండగానే. దూరాలు కొండ మీంచి కొండకి కోణాలు చూసి కట్టారు, అక్షాంశాలు ఆకాశాన్ని చూసి కట్టారు. పిల్లలు చేసేది అందులో ఆకాశం వైపు సగం. దూరం వైపు సగం సర్వే వాళ్ళ నుంచి తీసుకుంటున్నాం అని ఉన్నదున్నట్టు చెప్పండి. వీలుంటే బడి మైదానంలో 30 మీటర్ల టేపుతో, కోణమానినితో చిన్న త్రిభుజం ఒకటి కట్టించండి. ఒక భుజం కొలిచి, రెండు కోణాలు చూసి, చెరువు అవతలి చెట్టు ఎంత దూరమో కట్టొచ్చు. అప్పుడు రెండు సగాలూ చేతికొస్తాయి.

రోడ్డు దూరం మాత్రం వెయ్యనివ్వకండి. పర్లాకిమిడి నుంచి సిరోంచకి దారి కొండలు చుట్టుకుని, నదులు దాటుకుని పోతుంది. ఆ అంకె వేస్తే భూమి ఎక్కడికో ఉబ్బిపోతుంది.

#15 బరంపురం ఖగోళం

ఒడిశా వైపు పిల్లలకి పఠాణి సామంత పేరు పాఠాల్లో తెలుసు. 1835లో ఖండపడాలో పుట్టి, వెదురు, కొయ్యలతో చేసుకున్న పరికరాలతో ఉత్త కళ్ళతో గ్రహాల్ని కొలిచి లెక్కలు కట్టినాయన. చెక్క, చువ్వ, దారంతో పని చేసేటప్పుడు ఆయన మాట చెబితే పిల్లలు ఆ పరికరాన్ని తక్కువగా చూడరు. సిరోంచ అన్నా, మీ వైపు పిల్లలకి కోట అనే ఊరి పేరు పెట్టిన రాతిపొరల్లోని చేపల శిలాజాల గురించి తెలుసా? అది మీ తాలూకాలోదే, జురాసిక్ కాలంది. ఫోన్లో మాట్లాడుకునే రోజున పర్లాకిమిడి పిల్లలు మహేంద్రతనయ నది గురించీ, మీవాళ్ళు ఆ రాళ్ళ గురించీ చెప్పుకుంటే బాగుంటుంది.

#16 ప్రాణహిత ఒడ్డు

కొందరికి తెలుసు సారూ. వడధం శిలాజాల పార్కు మా దగ్గర్నే ఉన్నది.

మా క్లబ్బుల మాట్లాడిన. నాలుగు స్టాండ్లు చేయిస్తం. గట్ శిక్షణాధికారి (బ్లాకు విద్యాధికారి) ఆఫీసుల కాగితం పెడ్తున్నం. ఒక అనుమానం: ఒక ఊర్ల ఎండ కొట్టి ఇంకో ఊర్ల మబ్బు పడితే?

#17 జయపురం లెక్కలు

ఫిబ్రవరి 27, 28, మార్చి 1, 2 నాలుగు రోజులూ ఖాళీగా పెట్టుకోండి. వాటిలో ఆదివారం ఏదైనా పడితే పిల్లలు వస్తారో రారో ముందే అడిగి పెట్టుకోండి. ఇద్దరికీ ఒకే రోజు దొరికితే అది మంచిది. దొరక్కపోతే ఒకటి రెండు రోజుల తేడా ఉన్నా నష్టం తక్కువ. ఆ వారంలో సూర్యుడి వెనకబాటు రోజుకి 10, 12 సెకన్లే మారుతుంది, పెద్దవాళ్ళు ఆ మేరకి సవరించి ఇవ్వొచ్చు. రెండు రోజుల కంటే ఎక్కువ తేడా ఉంటే మళ్ళీ చెయ్యడమే.

అసలు రోజుకి వారం ముందు రెండు చోట్లా ఒక పూట సాధన తప్పనిసరి. అందులో ఒక్కటే చూడండి: మూడు వృత్తాల నుంచి వచ్చిన మూడు మధ్యాహ్నాలూ నిమిషం లోపు కలుస్తున్నాయా? కలవకపోతే, 40 నుంచి 30కి వచ్చేకొద్దీ టైము ఒకే వైపు జరుగుతుంటే చెక్క మట్టంలో గానీ కేంద్రంలో గానీ తప్పుందేమో చూడండి. ఒకే వైపు కాక అటొకటి ఇటొకటి ఉంటే చుక్క గుర్తు పెట్టడంలో తప్పుంది.

#18 పర్లాకిమిడి కార్యదర్శి

కాగితం ఇలా గీయిస్తున్నాం: ఊరు, బడి, చెక్క నంబరు, కన్నం ఎత్తు, వ్యాసార్ధం, పొద్దుటి టైము, మధ్యాహ్నం టైము, సగటు, గుర్తు పెట్టిన పిల్లల పేర్లు. ఒడియా, మరాఠీ, తెలుగు మూడు లిపుల్లోనూ అచ్చు వేయిస్తాం. సిరోంచ అన్నా, మీకు యాభై కాగితాలు పంపుతాను, ఏ చిరునామాకో నాకు విడిగా మెసేజి పెట్టండి. రాయగడ తమ్ముడూ, అడ్డ పట్టీ 12 సెంటీమీటర్లు చువ్వ మధ్య నుంచా, అంచు నుంచా?

#19 రాయగడ వెల్డింగు

చువ్వ మధ్య నుంచి కన్నం మధ్యకి 12, సార్. ఒకట్రెండు సెంటీమీటర్లు తేడా వచ్చినా ఇబ్బంది లేదు, కేంద్రం ఎలాగూ తూకం గుండు చెబుతుంది. రేకు మాత్రం వెల్డింగు పెట్టించొద్దు, వేడికి వంకరపోతుంది. రెండు చిన్న బోల్టులతో బిగించమనండి.